గుత్తి గొలుసు, మద్రాసు దుర్భిణి, గ్రహశకలాల మెగాటన్నులు

భూమికి దగ్గరగా వచ్చిపోయే గ్రహశకలం గురించి పత్రికలో వార్త పడితే, దాని వెంట ఒక అంకె కూడా పడుతుంది: ఇన్ని కిలోటన్నులు, ఇన్ని హిరోషిమా బాంబులు అని. ఆ శక్తి నిజానికి భూమికి చేరదు. పక్కనుంచి సాగిపోయే రాయి తన శక్తిని తనతోనే తీసుకుపోతుంది. అదే రాయి నేరుగా వాతావరణంలోకి దిగి ఉంటే ఎంత శక్తి వెలువడేదో చెప్పే లెక్క అది. సూత్రం హైస్కూలు పుస్తకంలోదే: ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. వచ్చిన జౌళ్ళను 4.184 లక్షల కోట్లతో భాగిస్తే కిలోటన్నులు వస్తాయి.

చిక్కంతా ఆ రెండు రాశులు తెలుసుకోవడంలోనే ఉంది. వేగం తెలియాలంటే ముందు దూరం తెలియాలి. ద్రవ్యరాశి తెలియాలంటే పరిమాణమూ, సాంద్రతా తెలియాలి. ఈ మూడు కొలతల చరిత్రలోనూ పాత మద్రాసు ప్రెసిడెన్సీకి చోటుంది. ఈనాడు కర్నూలు జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ఆ ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లాకు చెందినవి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే అవి కర్నూలు జిల్లాలో కలిశాయి.

ఆకాశం నుంచి రాళ్ళు పడతాయన్న మాట ఈ దేశంలో కొత్తది కాదు. వరాహమిహిరుడి బృహత్సంహిత ఉల్కలను ఐదు రకాలుగా విడదీసి ఏది ఏ శకునమో చెప్పింది. ఎంత బరువు, ఎంత వేగం అన్నవి దానికి పట్టలేదు. ఐరోపా పండితుల్లో చాలామందైతే 18వ శతాబ్దం చివరిదాకా రాళ్ళు పడతాయంటేనే నమ్మలేదు. వారిని ఒప్పించిన సాక్ష్యాల్లో ఒకటి 1798 డిసెంబరులో కాశీ దగ్గర పడ్డ రాళ్ళు. 1802లో లండన్‌లో ఎడ్వర్డ్ హోవర్డ్ వాటిని రసాయనికంగా పరీక్షించి, అవి మామూలు భూమి రాళ్ళు కావని చూపించాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళకు, 1814లో, గుర్రంకొండ పేరుతో నమోదైన రాయి రాయలసీమలో పడింది. నెల్లూరు సీమలో యాటూరు పేరుతో నమోదైనది 1852 జనవరి 23న పడింది. పార్వతీపురం ప్రాంతంలో నెడగొల్ల పేరుతో నమోదైన నాలుగున్నర కిలోల ఇనుప ఉల్క 1870లో, మళ్ళీ జనవరి 23నే పడింది. తేదీ కలవడం కాకతాళీయం. ఇలాంటి చిన్న రాళ్ళు నేలకు చేరేసరికి గాలి వాటి తొలి వేగాన్ని దాదాపు పూర్తిగా లాగేసుకుంటుంది. అందుకే చేతికి దొరికిన ముక్కను తూకం వేసినంత మాత్రాన ఆ రాయి తెచ్చిన శక్తి తేలదు.

ఆ శక్తి ఎటు పోయిందన్న ప్రశ్నకు 1848లో జేమ్స్ జౌల్ జవాబిచ్చాడు. రాలే చుక్క మండేది దాని గతిశక్తి గాలి ఒరిపిడిలో వేడిగా మారడం వల్లనేనని అతను లెక్క వేసి చూపాడు. గ్రహశకలాల శక్తిని అంచనా కట్టే పని అక్కడ మొదలైందనవచ్చు. అయితే జౌల్ దగ్గర సూత్రం ఉంది గానీ, అందులో వేసుకోవడానికి నమ్మకమైన వేగం లేదు. సెకనుకు ఎన్ని కిలోమీటర్లు అని చెప్పాలంటే ఆకాశంలో దూరాలు కిలోమీటర్లలో తెలియాలి. అవి తెలియాలంటే ముందు భూమి ఎంత పెద్దదో కచ్చితంగా తేలాలి.

ఆ కొలతలో ఒక మెట్టు గుత్తి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలాలను 1808లో బళ్ళారి, కడప జిల్లాలుగా విడదీశారు. ఆదోని, గుత్తి రెండూ బళ్ళారి కిందికే వచ్చాయి. 1811లో సర్వేయరు విలియం లాంబ్టన్ గుత్తి దగ్గర ఒక బేస్‌లైన్ కొలిచాడు. గుత్తి ఆదోనికి ఆగ్నేయంగా 70 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైన త్రికోణ సర్వే బెంగళూరు, కోయంబత్తూరు, పాళయంకోట దాటి ఇక్కడికి చేరింది. అతని సామానులో అర టన్ను బరువున్న థియోడలైటు ఒకటి, రామ్స్‌డెన్ తయారు చేసిన వంద అడుగుల ఉక్కు గొలుసు ఒకటి ముఖ్యమైనవి. రెండున్నర అడుగుల కడ్డీలు నలభై కలిపితే ఆ గొలుసు. అది చైనా చక్రవర్తికి కానుకగా వెళ్ళి, అక్కడ ఆదరణ లేక తిరిగొచ్చిన సామానులోదని చెబుతారు.

బేస్‌లైన్ కొలవడమంటే నేల మీద గొలుసు ఈడ్చుకుపోవడం కాదు. గొలుసును చెక్క తొట్టెల్లో పరిచి, తొట్టెలను ముక్కాళ్ళ మీద మట్టంగా నిలబెట్టి, పక్కనే థర్మామీటర్లు పెట్టేవారు. ఎండ ఎక్కేకొద్దీ ఉక్కు సాగుతుంది గనుక, ప్రతి వంద అడుగులకూ ఆనాటి వేడిని బట్టి సవరణ రాసుకోవాలి. బేస్‌లైన్ ఒక్కటి కొలిస్తే చాలు, ఇక మిగిలినదంతా కోణాల పని. గుట్ట మీంచి గుట్టకు చూపు సారిస్తూ త్రికోణాలు అల్లుకుపోవడమే. రాయలసీమ గుట్టలు ఈ పనికి కోరి తెచ్చిపెట్టినట్టుంటాయి. గుత్తి నుంచి ఆ త్రికోణాలు ఆదోని, ఎమ్మిగనూరులకు తూర్పుగా ఉత్తరానికి సాగి, తుంగభద్ర దాటి, 1815లో బీదరు సీమలోని దామరగిద్ద బేస్‌లైన్‌ను చేరాయి. 1818 నాటికి దాదాపు పది డిగ్రీల అక్షాంశం పొడవున భూమి వంపు కొలిచినట్టయింది.

ఈ భారతీయ చాపం నుంచి, ఫ్రెంచి చాపం నుంచి కలిపి 1830లో జార్జ్ ఎవరెస్ట్ భూమి ఆకారానికి లెక్క తేల్చాడు. 1880లో క్లార్క్ వేసిన లెక్కలో కూడా భారతీయ చాపం ఒక ఆధారం. అక్కడినుంచి భూమి వ్యాసార్ధం ఖగోళజ్ఞులకు కొలబద్ద అయింది. ఒకే గ్రహాన్ని భూమి మీద రెండు దూరపు చోట్ల నుంచి చూస్తే వెనక నక్షత్రాల మధ్య అది కొద్దిగా జరిగినట్టు కనిపిస్తుంది. దీన్నే లంబనం అంటారు. ఆ జరుగుబాటు కోణమూ, ఆ రెండు చోట్ల మధ్య దూరమూ తెలిస్తే గ్రహం ఎంత దూరాన ఉందో తేలుతుంది. ఒక్క గ్రహం దూరం తేలితే, కెప్లర్ నియమాల వల్ల సూర్యుడి దూరంతో సహా అన్నీ తేలిపోతాయి.

ఇందుకు లోకమంతా ముందు నమ్ముకున్నది శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటే ఘడియను. 1874 డిసెంబరు 9న అలాంటి సంక్రమణం జరిగింది. విశాఖపట్నంలో గొడే వెంకట జగ్గారావు 1840లో స్థాపించిన వేధశాలలో అతని అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని చూసి, కొలిచిన వివరాలు లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికకు పంపాడు. ప్రభుత్వ కొలువులో కాక సొంత ఖర్చుతో నడిచిన ఒక తెలుగు కుటుంబపు వేధశాల ఆ ప్రపంచ ప్రయత్నంలో పాలుపంచుకోవడం చిన్న విషయం కాదు. అయినా సంక్రమణాల ఫలితాలు ఆశించినంత కచ్చితంగా రాలేదు. శుక్రుడి నల్లచుక్క సూర్యుడి అంచును తాకే క్షణంలో సాగిన జిగురులా కనిపించి, ఇద్దరు చూస్తే రెండు సమయాలు వచ్చేవి.

కేప్ ఆఫ్ గుడ్‌హోప్ వేధశాలలో ఉన్న డేవిడ్ గిల్ దీనికి వేరే దారి పట్టాడు. గ్రహానికి బింబం ఉంటుంది, అందువల్ల అంచు దగ్గర తగాదా వస్తుంది. గ్రహశకలం నక్షత్రంలాగే చిన్న చుక్క, తగాదాకు తావు లేదు. 1888, 1889ల్లో అతనూ, ఇతర దేశాల వేధశాలల వాళ్ళూ ఐరిస్, విక్టోరియా, సాఫో అనే మూడు గ్రహశకలాలను పట్టి కొలిచారు. ఆ మూడింటిలో సాఫో మద్రాసులో దొరికింది. 1864 మే 2న మద్రాసు వేధశాలలో నార్మన్ పోగ్సన్ దాన్ని కనిపెట్టాడు. గిల్ తేల్చిన లంబన కోణం 8.80 సెకన్లు. దాని ప్రకారం సూర్యుడి దూరం 14 కోట్ల 95 లక్షల కిలోమీటర్ల దగ్గర తేలింది. నేటి విలువతో తేడా వెయ్యింట ఒక వంతు కూడా లేదు. 1961లో శుక్రుడి నుంచి రాడార్ ప్రతిధ్వనులు అందుకున్నాక ఆ తేడా కూడా పోయింది. అంటే శక్తి లెక్కలో వేగం అనే సగం భాగం గట్టిదే.

రెండో సగం అంత గట్టిది కాదు. గ్రహశకలం ఎంత పెద్ద దుర్భిణిలోనైనా సాధారణంగా చుక్కగానే కనిపిస్తుంది. దాని పరిమాణాన్ని కాంతిని బట్టి ఊహించాలి. నక్షత్రాల కాంతి తరగతులకు ఐదు తరగతుల తేడా అంటే సరిగ్గా వంద రెట్లు అని 1856లో కొలమానం ప్రతిపాదించినవాడు కూడా పోగ్సనే. అప్పుడతను ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాడు. 1861లో మద్రాసు వచ్చి, ఏప్రిల్ 17న ఆసియా అనే గ్రహశకలాన్ని కనిపెట్టాడు. సాఫో తర్వాత సిల్వియా, కెమిల్లా, 1885లో వెరా కూడా మద్రాసు నుంచే దొరికాయి. అతను 1891లో మద్రాసులోనే చనిపోయాడు. ఇవాళ ఏ గ్రహశకలం పరిమాణం గురించి రాసినా, లెక్క మొదలయ్యేది అతని కొలమానంతోనే.

అయితే కాంతి ఒక్కటే చాలదు. బొగ్గులా నల్లని రాయి తన మీద పడ్డ వెలుగులో వందకు ఐదు పాళ్ళు తిప్పి పంపితే, తెల్లని రాయి పాతిక పాళ్ళు పంపుతుంది. రెండూ ఒకే కాంతితో కనిపిస్తే నల్లదాని వ్యాసం తెల్లదానికి రెండుంబావు రెట్లు ఉంటుంది, ఘనపరిమాణం పదకొండు రెట్లు. లెక్కలో ఇంత సందు మరెక్కడా లేదు. నల్ల రాళ్ళు సాధారణంగా తేలికవి కావడం కొంత ఊరట. సాంద్రతను కూడా కలిపి చూస్తే ఆ పదకొండు రెట్ల తేడా ఐదు రెట్లకు దిగుతుంది. 1970ల నుంచి రాయి వదిలే వేడిని, అంటే పరారుణ కాంతిని కొలిచి ఈ సందును ఇంకా తగ్గిస్తున్నారు. నల్లని పెద్ద రాయి ఎక్కువ వేడి వదులుతుంది, తెల్లని చిన్న రాయి తక్కువ వదులుతుంది.

మిగిలినది సాంద్రత. ఇక్కడ మళ్ళీ మద్రాసు పేరే వస్తుంది. పోగ్సన్ 1866లో కనిపెట్టిన సిల్వియా చుట్టూ రెండు చిన్న చందమామలు తిరుగుతున్నాయని 2005లో తేలింది. గ్రహశకలానికి రెండు ఉపగ్రహాలు ఉన్నట్టు తెలియడం అదే మొదటిసారి. అవి తిరిగే వేగాన్ని బట్టి సిల్వియాను తూచినట్టయింది. సాంద్రత నీటికి 1.2 రెట్లు మాత్రమే వచ్చింది. అంటే అది ఏకశిల కాదు, లోపల ఖాళీలున్న రాళ్ళ కుప్ప. ఆదోని పత్తి మార్కెట్టులో ఈ తేడా రోజూ కళ్ళెదుట ఉంటుంది. బండినిండా విడిగా పోసిన పత్తికీ, జిన్నింగ్ మిల్లులో గింజ తీసి ప్రెస్సులో బిగించిన 170 కిలోల బేలుకూ చోటు చూసి బరువు చెప్పబోతే లెక్క తప్పుతుంది. ఈరోస్ అనే గ్రహశకలం చుట్టూ వ్యోమనౌక తిరిగి కొలిస్తే సాంద్రత 2.67, ఇటోకావాకు 1.9, బెన్నుకు 1.19 వచ్చింది. ఇనుప ఉల్క అయితే 7.8.

భారతదేశంలో గ్రహశకలాల వేట పోగ్సన్ తర్వాత చాలాకాలం ఆగిపోయింది. హైదరాబాదు నిజామియా వేధశాల 20వ శతాబ్దం మొదటి సగంలో ఆకాశంలో కొంత భాగాన్ని ఫొటో పలకల మీదికెక్కించి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు ప్రచురించింది. కదిలే చుక్క దారిని పట్టాలంటే ఇలాంటి కదలని గురుతులే ఆధారం. ఆ వేధశాల ఉద్యోగి కొడుకు వైను బప్పు తర్వాతి కాలంలో కావలూరు వేధశాలను నిలబెట్టాడు. అక్కడినుంచే 1988 ఫిబ్రవరిలో ఆర్. రాజమోహన్ రామానుజన్ పేరు పెట్టిన 4130వ గ్రహశకలాన్ని కనిపెట్టారు. వెరా దొరికి అప్పటికి నూరేళ్ళు దాటింది.

లెక్క సరైనదో కాదో చూడటానికి నిజంగా పడ్డవే పరీక్ష. 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కాలో రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నేలకొరిగింది. అయినా కొలిచే పరికరాలు దగ్గరలో లేవు గనుక దాని శక్తి గురించి 3 నుంచి 15 మెగాటన్నుల దాకా రకరకాల అంచనాలు నిలిచిపోయాయి. పరికరాలు వచ్చింది అణు పరీక్షల కాలంలో. కిలోటన్ను అనే కొలత కూడా అక్కడిదే. ఆంధ్ర సరిహద్దుకు అవతల, హిందూపురానికి దగ్గరలోని గౌరీబిదనూరులో 1965లో భూకంప పరికరాల వరుస నెలకొల్పింది దూరదేశాల భూగర్భ అణు పరీక్షలను పట్టడానికే. గాలిలో చెవికి అందని మంద్ర తరంగాలను పట్టే పరికరాలు కూడా ఆ కాలపు అవసరంలోంచే పెరిగాయి.

2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్ మీద పేలిన రాయి ఆ పరికరాలన్నిటికీ ఒకేసారి చిక్కింది. వ్యాసం 20 మీటర్ల లోపు, బరువు సుమారు 12,000 టన్నులు, వేగం సెకనుకు 19 కిలోమీటర్లు. సూత్రంలో వేసి చూస్తే 500 కిలోటన్నుల పైచిలుకు వస్తుంది. గాలి తరంగాలను, కాంతిని కొలిచి తేల్చిన శక్తి కూడా ఇంచుమించు అంతే. పేలుడు 30 కిలోమీటర్ల ఎత్తున జరిగింది, అంటే ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఎంత దూరముందో ఇంచుమించు అంత ఎత్తున. అంత పైనుంచి కూడా ఏడు వేలకు పైగా భవనాలు దెబ్బతిన్నాయి, సుమారు పదిహేను వందల మంది గాయపడ్డారు. ఎక్కువమందికి దెబ్బలు తగిలింది పగిలిన అద్దాల వల్ల. మెరుపు చూసి కిటికీ దగ్గరికి వెళ్ళినవాళ్ళ మీదికి, ఆలస్యంగా వచ్చిన గాలిదెబ్బకు అద్దాలు విరుచుకుపడ్డాయి. విచిత్రమేమిటంటే, ఆ రోజు లోకమంతా ఎదురుచూస్తున్నది వేరే రాయి కోసం. 2012 డీఏ14 అనే ఆ గ్రహశకలం 27,700 కిలోమీటర్ల ఎత్తున ఏ హానీ లేకుండా వెళ్ళిపోయింది. రెండింటికీ సంబంధం లేదు.

పక్కనుంచి పోయేవాటి లెక్క ఎలా ఉంటుందో చూడటానికి 2020 క్యూజీ మంచి ఉదాహరణ. 2020 ఆగస్టు 16 ఆదివారం, మన గడియారంలో ఉదయం 9 గంటల 38 నిమిషాలకు, దక్షిణ హిందూ మహాసముద్రం మీదుగా 2,950 కిలోమీటర్ల ఎత్తున అది దాటిపోయింది. సూర్యుడి వైపు నుంచి రావడం వల్ల ముందు ఎవరికీ కనబడలేదు. వెళ్ళిన ఆరు గంటలకు అమెరికాలోని పాలమార్ దుర్భిణి తీసిన చిత్రాల్లో దొరికింది. ఆ చిత్రాల్లో దాన్ని గుర్తించినవారిలో బొంబాయి ఐఐటీ విద్యార్థులు కునాల్ దేశ్‌ముఖ్, కృత్తి శర్మ ఉన్నారు. దగ్గరగా వచ్చినప్పుడు దాని వేగం సెకనుకు 12.3 కిలోమీటర్లు. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రెండున్నర సెకన్లు చాలు.

శక్తి లెక్కకు ఆ 12.3ని అలాగే వాడకూడదు. అది 2,950 కిలోమీటర్ల ఎత్తున ఉన్న వేగం. ఇంకా కిందికి దిగి ఉంటే భూమి లాగుడుకు వేగం పెరిగేది. ఆ ఎత్తున పలాయన వేగం సుమారు 9.25, నేల దగ్గర 11.2. 12.3 వర్గంలోంచి 9.25 వర్గం తీసేసి 11.2 వర్గం కలిపి వర్గమూలం తీస్తే సెకనుకు సుమారు 13.8 కిలోమీటర్లు వస్తుంది. ఈ ఒక్క సవరణతో శక్తి నాలుగో వంతు పెరుగుతుంది. ఇక పరిమాణం 3 నుంచి 6 మీటర్లు అన్నారు. సాంద్రత 2.6 అనుకుంటే 3 మీటర్ల రాయి 37 టన్నులు, 6 మీటర్లది 294 టన్నులు. శక్తి వరుసగా 0.8, 6.7 కిలోటన్నులు. వేగాన్ని దశాంశాల దాకా సరిచేసి, చివరికి ఎనిమిది రెట్ల సందున్న జవాబు చెప్పాల్సి వచ్చింది. ఈ లెక్క తీరే అంత. ఇంత చిన్న రాయి ఎలాగూ పైగాలిలోనే ముక్కలవుతుంది. 2008 అక్టోబరులో సూడాన్ మీద పడ్డ నాలుగు మీటర్ల 2008 టీసీ3 విషయంలో అదే జరిగింది. పడటానికి 19 గంటల ముందే దాన్ని కనిపెట్టారు. వెలువడిన శక్తి సుమారు ఒక కిలోటన్ను, ఎడారిలో ఏరిన ముక్కలన్నీ కలిపి పది కిలోల పైచిలుకు.

2024 డిసెంబరు 27న చిలీలో కనిపెట్టిన 2024 వైఆర్4 మరో పాఠం. 2032 డిసెంబరు 22న అది భూమిని తాకే అవకాశం ఒక దశలో నూటికి మూడుకు చేరింది. తాకితే తాకే పట్టీ పసిఫిక్ నుంచి ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా దాకా సాగింది. మొదట పరిమాణం 40 నుంచి 90 మీటర్లు అన్నారు. అంటే శక్తిలో పదకొండు రెట్ల సందు. వెబ్ అంతరిక్ష దుర్భిణి దాని వేడిని కొలిచి 60 మీటర్లని, ఏడు మీటర్లు అటూ ఇటూ అని చెప్పింది. సందు రెండు రెట్లకు దిగింది. ఈలోగా దారి ఇంకా కచ్చితంగా తేలి, భూమికి ముప్పు లేదని తెలిసిపోయింది.

అపోఫిస్ అనే గ్రహశకలం విషయంలో వేగం సెకనుకు 12.6 దగ్గరే నిలిచినా నాసా ప్రకటించిన శక్తి మాత్రం మారుతూ వచ్చింది. ముందు 1,480 మెగాటన్నులు, తర్వాత 880, ఆ తర్వాత 510. వ్యాసం అంచనా మారినప్పుడల్లా శక్తి దాని ఘనంతో పాటు మారింది. ఇప్పుడు వాడుతున్న 340 మీటర్ల సగటు వ్యాసానికి, 2.6 సాంద్రతకు లెక్క వేస్తే మళ్ళీ వెయ్యి మెగాటన్నుల దగ్గరికి వస్తుంది. 2021 నాటి రాడార్ కొలతలతో రాబోయే వందేళ్ళ వరకు అది భూమిని తాకదని తేలింది. భారత కాలమానం ప్రకారం 2029 ఏప్రిల్ 14 తెల్లవారుజామున 3 గంటల 16 నిమిషాలకు అది భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తున దాటుతుంది. బెన్ను నుంచి మట్టి తెచ్చిన నాసా నౌకనే ఒసైరిస్-అపెక్స్ అని పేరు మార్చి అటు మళ్ళించారు. అపోఫిస్ ఆకర్షణకు ఆ నౌక దారి ఎంత వంగుతుందో కొలిస్తే దాని బరువు తెలుస్తుంది. ఆ తర్వాత అపోఫిస్ లెక్కలో ఊహించిన సాంద్రతకు బదులు కొలిచిన ద్రవ్యరాశినే వేసుకోవచ్చు.